బరువు లాగే డీజిల్ పికప్‌కు ఎన్ని హెచ్‌పీ కావాలి?

అమెరికాలో డాడ్జ్ రామ్ పికప్‌కు కమిన్స్ డీజిల్ ఇంజిన్ తొలిసారి అమర్చిన 1989లో దాని అశ్వశక్తి (హెచ్‌పీ) 160, టార్క్ అనే తిప్పే బలం 400 పౌండ్-అడుగులు. గుర్రాల ట్రెయిలర్లను, పడవలను, ఎండుగడ్డి మోపులను లాగే రైతులకు, పశుపోషకులకు ఆ రోజుల్లో అదే గొప్ప. 2001 మోడల్‌తో జనరల్ మోటార్స్ తెచ్చిన డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిన్ 300 హెచ్‌పీతో వచ్చింది. 2019లో రామ్ ఇంజిన్ టార్క్ వెయ్యి పౌండ్-అడుగులను అందుకుంది. 2023 మోడల్ ఫోర్డ్ సూపర్ డ్యూటీలో శక్తి ఎక్కువగా ఉండే రకం 500 హెచ్‌పీ, 1,200 పౌండ్-అడుగుల దగ్గర ఆగింది. మూడున్నర దశాబ్దాల్లో ఇంజిన్ బలం మూడింతలు దాటింది గానీ, బళ్లు ఎక్కవలసిన కొండల వాలు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. అప్పటి 160తో పని నడిచినప్పుడు ఇప్పటి 500 ఎందుకు, అసలు ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్న బండి కొనేవారికి సహజంగానే వస్తుంది. దీనికి కంపెనీల కరపత్రాలు సూటిగా జవాబు చెప్పవు. లెక్క మాత్రం చెబుతుంది, అది పెద్ద కష్టమైన లెక్క కూడా కాదు.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. ఇంజిన్‌కు హెచ్‌పీ తక్కువైతే బండి బరువును లాగలేదని చాలామంది అనుకుంటారు. చెరకు సీజన్లో మన ఊళ్ల రోడ్ల మీద 45 హెచ్‌పీ ట్రాక్టరు టన్నుల కొద్దీ చెరకు నింపిన ట్రాలీని లాక్కుపోవడం చూసినవారికి ఈ అపోహ ఉండనక్కర్లేదు. రామ్ పికప్‌లో ఉన్నది కమిన్స్ 6.7 లీటర్ల ఇంజిన్. అదే కుటుంబానికి చెందిన 6.7 లీటర్ల ఇంజిన్ మన దేశంలో టాటా సిగ్నా 5530 ట్రాక్టర్ లారీలో 300 హెచ్‌పీతో పనిచేస్తోంది, ఆ లారీ ట్రెయిలర్‌తో సహా లాగే మొత్తం బరువు 55 టన్నులు. అంటే టన్నుకు అయిదున్నర హెచ్‌పీ మాత్రమే. అది ఘాట్ రోడ్డు కూడా ఎక్కుతుంది, అయితే నూటికి ఆరు అడుగుల చొప్పున లేచే వాలు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవడం కూడా దానికి కష్టమే. వెనకాల వచ్చే కార్ల వాళ్లు విసుక్కుంటారు, లారీ మాత్రం పైకి చేరుతుంది. తగిన గేరు ఉంటే చిన్న ఇంజిన్ అయినా పెద్ద బరువును కదిలించగలదు. హెచ్‌పీ తేల్చేది ఎంత వేగంతో అన్న సంగతినే. ఇక్కడి నుంచి లెక్క మొదలుపెడితే మిగతా గందరగోళం చాలావరకు తొలగిపోతుంది.

అమెరికాలో ఒక సాధారణ కుటుంబం తీసుకువెళ్లే బరువును ఉదాహరణగా తీసుకోవచ్చు. ముప్పావు టన్ను తరగతిగా పిలిచే డీజిల్ పికప్ మనుషులతో, నిండు ట్యాంకుతో కలిపి సుమారు 3,500 కిలోలు తూగుతుంది. వెనక తగిలించిన విహార ట్రెయిలర్ 5,500 కిలోలు అనుకుంటే మొత్తం 9 టన్నులు. ఈ జత గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే మూడు శత్రువులను ఎదుర్కోవాలి. టైర్లు దొర్లడంలో కలిగే నిరోధం మొదటిది, బరువులో దాదాపు నూటికి ఒక వంతు ఉండే ఈ నిరోధాన్ని అధిగమించడానికి చక్రాల దగ్గర 30 హెచ్‌పీ ఖర్చవుతుంది. రెండోది గాలి. విహార ట్రెయిలర్ ముందు భాగం గోడలా నిటారుగా ఉంటుంది, పికప్ కన్నా ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ వేగంలో గాలిని చీల్చడానికి 57 హెచ్‌పీ దాకా పోతుంది. సమతల రోడ్డు మీద ఈ రెండే ఉంటాయి, మొత్తం 87. గేరుబాక్సు, ఇరుసుల్లో పోయే నూటికి 15 వంతులను కూడా కలిపితే ఇంజిన్ ఇవ్వవలసింది 100 హెచ్‌పీ చిల్లర. కాన్సస్ మైదానాల్లో రోజంతా తొమ్మిది టన్నులతో తిరిగే బండికి 500 హెచ్‌పీ ఇంజిన్ ఉంటే, అందులో అయిదింట నాలుగు వంతులు ఊరికే పడి ఉంటాయన్నమాట.

మూడో శత్రువు కొండ. నూరు మీటర్లకు ఆరు మీటర్ల ఎత్తు లేచే వాలు అమెరికా పశ్చిమ ప్రాంతపు అంతర్రాష్ట్ర రహదారుల్లో మామూలే. లాస్ ఏంజెలెస్ ఉత్తరాన టెహోన్ కనుమ మీదుగా పోయే ఐ-5 రహదారిలో గ్రేప్‌వైన్ అనే భాగం ఇందుకు పేరుపడ్డది. ఆ వాలు మీద 9 టన్నులను 90 కిలోమీటర్ల వేగంతో పైకి లేపడానికి ఒక్క గురుత్వాకర్షణకే 178 హెచ్‌పీ చెల్లించాలి. పాత 87కు ఇది కలిస్తే చక్రాల దగ్గర 265, ఇంజిన్ దగ్గర 310. రేడియేటర్ ఫ్యాను పూర్తి వేగంతో తిరగడం మొదలుపెడితే అదొక్కటే ఇరవై దాకా మింగుతుంది కనుక 330 అనుకోవడం న్యాయం. నేల మీద 100 సరిపోయిన చోట కొండ మీద 330 కావాలి. ట్రెయిలర్ లాగే బండి ఇంజిన్‌ను ఎంపిక చేసేటప్పుడు సమతల రోడ్డుతో పనిలేదని, ప్రయాణంలో అతి కష్టమైన ఆ పది కిలోమీటర్లే చూడాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఇప్పుడు అదే కొండను 1989 నాటి 160 హెచ్‌పీతో ఎక్కితే ఏమవుతుందో చూడవచ్చు. ఆ బండికి కంపెనీ అనుమతించిన బరువు ఇంత ఉండదు గానీ, పోలిక కోసం అదే 9 టన్నులు తగిలించామనుకుంటే, వేగం 54 కిలోమీటర్ల దగ్గర నిలబడుతుంది. ఫ్యాను తిరిగితే 50కి దిగుతుంది. పైగా ఆనాటి ఆటోమేటిక్ గేరుబాక్సుకు ఉన్నవి మూడే గేర్లు. ఒక గేరులో ఇంజిన్ గింజుకుంటుంది, దాని కింది గేరులో అరుస్తుంది, రెంటికీ మధ్య సరైన వేగం దొరకదు. 2020 నుంచి ఫోర్డ్, జనరల్ మోటార్స్ పెద్ద డీజిల్ పికప్పులకు పది గేర్ల పెట్టెలు ఇస్తున్నాయి. హెచ్‌పీ పెరగడంతో సమానంగా ఈ మార్పును కూడా లెక్కించాలి, ఎందుకంటే కాగితం మీద ఉన్న శక్తి కొండ మీద చేతికి అందాలంటే ఇంజిన్‌ను అది బాగా పనిచేసే చుట్ల దగ్గరే (నిమిషానికి తిరిగే చుట్లు) నిలిపి ఉంచే గేరు దొరకాలి. పాత డ్రైవర్లు నెమ్మది బళ్లు పోయే కుడి వరుసలోకి జరిగి, నాలుగు దీపాలూ ఆర్పుతూ వెలిగిస్తూ ఎక్కేవారు, అందులో నామోషీ ఏమీ లేదు. అయితే పక్క వరుసలో బళ్లు 110, 120తో దూసుకువెళుతున్నప్పుడు 50 దగ్గర పాకే బండి తానే ఒక ప్రమాద కారణం. వేగం కేవలం సౌఖ్యానికి సంబంధించిన విషయం కాదనడానికి ఇదొక్కటే బలమైన వాదం.

డీజిల్ అభిమానులు ఈ చోట ఒక అభ్యంతరం లేవదీస్తారు. హెచ్‌పీ పందేలకు, టార్క్ పనికి అన్నది వారి నానుడి. ఇందులో సగం నిజం ఉంది. టార్క్ అంటే తిప్పే బలం, హెచ్‌పీ అంటే ఆ బలాన్ని ఎంత తొందరగా ఉపయోగిస్తున్నాం అన్న కొలత, పౌండ్-అడుగుల టార్క్‌ను నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 5,252తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. రెండూ వేరువేరు వస్తువులు కావు. కొండ మీద బండి వేగాన్ని నిర్ణయించేది చివరికి హెచ్‌పీయే, ఎందుకంటే టార్క్‌ను గేర్లతో ఎంతైనా పెంచుకోవచ్చు, శక్తిని మాత్రం ఏ గేరూ పెంచలేదు. అయితే ఆ శక్తి ఎన్ని చుట్ల దగ్గర దొరుకుతుందన్నది టార్క్ చెబుతుంది. 2019 రామ్ ఇంజిన్ 1,800 చుట్ల దగ్గర వెయ్యి పౌండ్-అడుగులు ఇస్తుంది, లెక్క కడితే ఆ చుట్ల దగ్గరే 343 హెచ్‌పీ సిద్ధంగా ఉన్నట్టు. ఫోర్డ్ 7.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ గరిష్ఠ శక్తి 430, రామ్ డీజిల్ 400 కన్నా ఎక్కువే. కానీ దాని టార్క్ ఎంత పైకి పోయినా 475 పౌండ్-అడుగులే కాబట్టి 1,800 చుట్ల దగ్గర 163 హెచ్‌పీ మించి రాదు. మిగతాది కావాలంటే 5,500 చుట్ల దాకా తిప్పాలి. డీజిల్ బండి గేరు మార్చకుండా గుణుగుతూ ఎక్కే కొండను పెట్రోల్ బండి రెండు గేర్లు దిగి కేకలు పెడుతూ ఎక్కుతుంది. పైకి చేరే సమయం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. దారి పొడవునా వినవలసిన శబ్దంలో, తాగే ఇంధనంలో, ఇంజిన్ అరుగుదలలోనే తేడా అంతా ఉంది.

ఎత్తు పెరిగేకొద్దీ మాత్రం ఆ సమానత్వం చెదిరిపోతుంది. కొలరాడోలో ఐ-70 రహదారి మీద ఉన్న ఐజెన్‌హోవర్ సొరంగం సముద్ర మట్టానికి 11,158 అడుగుల ఎత్తున ఉంది. 1973లో తెరిచిన ఈ సొరంగానికి పడమటి నుంచి వచ్చే దారి డిల్లన్ ఊరు దాటాక 7 శాతం దాకా వాలుతో సుమారు 13 కిలోమీటర్లు పైకి పోతుంది. పికప్పులకు పరీక్ష పెట్టదలచినవారు అక్కడికే వెళతారు. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదానికి 70 శాతమే ఉంటుంది కాబట్టి, టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ తన శక్తిలో దాదాపు మూడో వంతును అక్కడ పోగొట్టుకుంటుంది. 430 హెచ్‌పీ కాస్తా 300 అవుతుంది. టర్బో ఉన్న డీజిల్ గాలిని కుదించి మింగుతుంది గనుక దానికి పోయేది స్వల్పం. పలుచని గాలి ఇంజిన్‌కు నష్టమైనా బండికి కొంత లాభమేనన్నది గమనించదగ్గ విషయం, ఎదురుగాలి నిరోధం 30 శాతం దాకా తగ్గుతుంది. ఇవన్నీ కలిపి లెక్కిస్తే మన 9 టన్నుల జత ఆ దారిలో 90 కిలోమీటర్ల వేగం నిలుపుకోవడానికి ఇంజిన్ దగ్గర 350 హెచ్‌పీ ఉంటే సరిపోతుంది. అమెరికా అంతర్రాష్ట్ర రహదారుల్లో ఇంతకన్నా కఠినమైన దారి దొరకడం కష్టం కాబట్టి కుటుంబ అవసరాలకు ఈ సంఖ్యను దాదాపు పైహద్దుగా తీసుకోవచ్చు.

పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న హద్దు ఇంకా తక్కువ. ఒకప్పుడు లాగే సామర్థ్యాన్ని ఏ కంపెనీకి తోచినట్టు ఆ కంపెనీ ప్రకటించుకునేది. ఆ గందరగోళాన్ని సరిచేయడానికి ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం జె2807 అనే ప్రమాణాన్ని రూపొందించింది. 2011 మోడల్ బళ్లతో మొదట టొయోటా దాన్ని పాటించింది, తేలిక పికప్పుల విషయంలో 2015 మోడళ్ల నాటికి అమెరికా కంపెనీలు మూడూ దారికి వచ్చాయి. ఆ ప్రమాణంలో కొండ పరీక్ష ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11.4 మైళ్ల ఎడారి దారిని ఆధారం చేసుకున్నది. దారి పొడవునా సగటున 5 శాతం వాలు, నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, ఏసీ పూర్తిగా నడుస్తూ ఉండాలి. ఇన్ని కష్టాలు పెట్టి అడిగే వేగం మాత్రం గంటకు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు. వెనక నాలుగు టైర్లున్న పెద్ద పికప్పులకైతే 35 మైళ్లే. మన 9 టన్నులకు ఈ పరీక్షలో నెగ్గడానికి ఫ్యాను, ఏసీలతో కలుపుకొని 200 హెచ్‌పీ ఉంటే చాలు. అదే ప్రమాణంలో ఇంకో పరీక్ష ఉంది, నిలబడిన చోటి నుంచి గంటకు 60 మైళ్ల వేగాన్ని 30 సెకన్లలో అందుకోవాలి. 9 టన్నులకు ఆ వేగం ఇవ్వడానికి చక్రాల దగ్గర సగటున 190 హెచ్‌పీ దాకా కావాలి. ఇంజిన్ మొదటి సెకన్లలో పూర్తి శక్తి ఇవ్వలేదు, గేర్లు మారేటప్పుడు కొంత జారిపోతుంది కాబట్టి దాని గరిష్ఠ శక్తి 260, 280 మధ్య ఉండక తప్పదు. కొండ కన్నా రహదారిలోకి చొరబడే చిన్న దారి ఇంజిన్‌ను ఎక్కువ అడుగుతుందన్నది ఇందులో తేలే విశేషం. అలవాటైన డ్రైవర్లకు ఇది తెలిసిందే. కొండ మీద నెమ్మదిగా పోవచ్చు, హ్యూస్టన్ రద్దీలో 9 టన్నులతో పక్క వరుసలోకి చేరేటప్పుడు నెమ్మదికి చోటు లేదు.

ఇక్కడి దాకా హెచ్‌పీని గరిష్ఠ సంఖ్యగానే చూశాం. అసలు చిక్కు ఆ సంఖ్య ఎంతసేపు నిలుస్తుందన్న దాంట్లో ఉంది. ఖాళీ పికప్ 450 హెచ్‌పీని వాడుకునేది ముందున్న బండిని దాటే అయిదారు సెకన్లు. ట్రెయిలర్ తగిలించిన బండి 310 హెచ్‌పీని పది పదిహేను నిమిషాలు వదలకుండా వాడుతుంది. మంచి డీజిల్ ఇంజిన్ కూడా ఇంధనంలోని శక్తిలో నలభై శాతాన్ని మించి పనిగా మార్చలేదు. మిగిలినదంతా వేడి. 310 హెచ్‌పీ చేసే ఇంజిన్ నుంచి రేడియేటర్ బయటికి తోయవలసిన వేడి నూట యాభై కిలోవాట్ల పరిధిలో ఉంటుంది, అది వంద ఇస్త్రీపెట్టెలు ఒకేసారి వెలిగించినంత. అందువల్ల రెండు ఇంజిన్ల హెచ్‌పీ సమానమైనా, పెద్ద రేడియేటర్, పెద్ద ఫ్యాను, ట్రాన్స్‌మిషన్ నూనెకు వేరే కూలర్ ఉన్న బండిదే పైచేయి అవుతుంది. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. ఫోర్డ్ 6.7 లీటర్ల డీజిల్ 2020 మోడల్ పికప్‌లో 475 హెచ్‌పీ ఇచ్చింది. అదే ఇంజిన్‌ను అంబులెన్సులకు, టో ట్రక్కులకు వాడే ఛాసీ బళ్లలో (వెనక తొట్టి లేకుండా అమ్మేవి) 330కి తగ్గించి అమర్చారు. రామ్ కూడా అంతే, పికప్‌లో 400 ఇచ్చిన చోట ఛాసీ బండిలో 360 దగ్గర ఆపింది. ఏళ్ల తరబడి రోజూ నిండు బరువుతో తిరగవలసిన బండికి కంపెనీ తానే తక్కువ హెచ్‌పీ ఎంచుకోవడం కన్నా ఈ వ్యాసంలోని ప్రశ్నకు గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఉన్న ఇంజిన్‌కు కంప్యూటర్ చిప్ మార్చి 100, 150 హెచ్‌పీ అదనంగా పిండుకునే అలవాటు డీజిల్ పికప్ ప్రియుల్లో చాలాకాలంగా ఉంది. ఇందులో ఎక్కువభాగం ఇంధనం మరింత చిమ్మించడమే. ఖాళీ బండితో సరదాకు అది నప్పవచ్చు, బరువుతో కొండ ఎక్కేటప్పుడు పొగగొట్టంలోకి పోయే వాయువుల వేడి అదుపు తప్పుతుంది. ఆ వేడి 700 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఎక్కువసేపు నిలిస్తే అల్యూమినియం పిస్టన్లకు, టర్బోకు ముప్పని మెకానిక్కులు హెచ్చరిస్తారు. పొగను శుద్ధి చేసే భాగాలను తొలగించి శక్తి పెంచుకోవడం అక్కడి వాయు కాలుష్య చట్టానికి విరుద్ధం కూడా. అయినా ఒక దశాబ్ద కాలంలో అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్పుల్లో ఆ భాగాలను పీకేశారని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో లెక్కతేల్చింది. కావలసిన హెచ్‌పీ ఎంతో కూర్చుని లెక్క వేసుకుని ఉంటే, వారిలో చాలామందికి ఆ అదనపు శక్తి అవసరమే లేదని తేలేది.

ఎక్కిన కొండ దిగాలి కదా. గ్రేప్‌వైన్ లాంటి 6 శాతం వాలు మీద 9 టన్నుల బండి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నప్పుడు గురుత్వాకర్షణ దాన్ని 138 హెచ్‌పీతో తోస్తుంది. అందులో టైర్లు, గాలి కలిసి ఓ యాభై పట్టి ఉంచుతాయి. మిగిలిన 88 హెచ్‌పీని ఎవరో ఒకరు నిమిషాల తరబడి మింగాలి. బ్రేకులకే ఆ పని అప్పగిస్తే డిస్కులు కాలి, పెడల్ తొక్కినా పట్టు చిక్కని స్థితి వస్తుంది. ఆ రోడ్ల పక్కన అదుపు తప్పిన లారీల కోసం కంకర పోసిన దారులు కట్టింది ఊరికే కాదు. డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ ఇంజిన్‌లో ఉన్నట్టు గాలిని అడ్డుకునే మూత సహజంగా ఉండదు గనుక కాలు తీసినంత మాత్రాన అది బండిని పెద్దగా పట్టి ఆపదు. ఆ లోటును తీర్చింది ఎగ్జాస్ట్ బ్రేక్. టర్బోలోని రెక్కలు మూసుకుని పొగ బయటికి పోకుండా అడ్డుపడితే, ఇంజిన్ తన పొగనే నెట్టలేక బండిని నిలువరిస్తుంది. 2007లో వచ్చిన కమిన్స్ 6.7 లీటర్ల ఇంజిన్‌కు ఇది పుట్టుకతోనే ఉంది. పాత, తక్కువ హెచ్‌పీ ఉన్నప్పటికీ మంచి ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్న బండిని, అది లేని బలమైన బండిని పక్కపక్కన నిలిపి, కొండల్లో ట్రెయిలర్ లాగడానికి ఒకటి ఎంచుకోమంటే మొదటిదాన్నే ఎంచుకోవడం తెలివైన పని.

మరి 500 హెచ్‌పీ ఎవరికి? 2023 ఫోర్డ్ ఎఫ్-450 గూస్‌నెక్ ట్రెయిలర్‌తో (పొడవాటి మెడతో పికప్ తొట్టిలో తగిలించేది) లాగగల బరువును కంపెనీ 40,000 పౌండ్లుగా ప్రకటించింది, అంటే 18 టన్నులకు పైనే. బండితో కలిపి 22 టన్నులు. ఇది ఒకప్పుడు లారీలు చేసిన పని. ఆ బరువుతో 6 శాతం వాలు ఎక్కితే 500 హెచ్‌పీ ఇంజిన్ కూడా 70 కిలోమీటర్లు దాటదు. నిర్మాణ యంత్రాలను, వరుసగా పేర్చిన కార్లను పికప్పులతో మోసి జీవనం సాగించేవారికి సమయమే డబ్బు కాబట్టి ప్రతి హెచ్‌పీకి అక్కడ ప్రతిఫలం ఉంది. వాళ్లు కూడా మొత్తం బరువు 26,001 పౌండ్లకు చేరి, అందులో ట్రెయిలర్ వాటా 10,000 దాటితే వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవలసిందే. తూకం రెండో చివరన మన శ్రీసిటీకి సంబంధమున్న ఉదాహరణ ఒకటి ఉంది. అక్కడ తయారయ్యే ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ పికప్‌కు మన దేశంలో 1.9 లీటర్ల, 163 హెచ్‌పీ ఇంజిన్ ఇస్తున్నారు. మూడు లీటర్ల, 190 హెచ్‌పీ ఇంజిన్‌తో ఆస్ట్రేలియాలో అమ్మే డి-మాక్స్ అక్కడ 3.5 టన్నుల ట్రెయిలర్‌ను లాగడానికి ఆమోదం పొందింది. మొత్తం బరువు 6 టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. 6 శాతం వాలు మీద దాని వేగం లెక్క ప్రకారం 80 కిలోమీటర్ల దగ్గర నిలుస్తుంది. డ్యూరామాక్స్ ఇంజిన్‌ను జనరల్ మోటార్స్‌తో కలిసి రూపొందించింది కూడా ఇసుజూయే. టన్నుకు 30 నుంచి 35 హెచ్‌పీ ఉంటే కొండ మీద 80, 90 మధ్య వేగం దొరుకుతుందన్న సూత్రం ఆరు టన్నుల దగ్గరా, తొమ్మిది టన్నుల దగ్గరా నిలబడుతోంది. ఇంకా పెద్ద బరువుల దగ్గర గాలి వాటా తగ్గి, అది కాస్త సడలుతుంది.

ఈ సూత్రంతో బేరానికి వెళ్లిన కుటుంబానికి దుకాణంలో ఎదురయ్యే అడ్డంకి మాత్రం ఎక్కువసార్లు ఇంజిన్‌కు సంబంధించింది కాదు. ట్రెయిలర్ బరువు అంతా దాని చక్రాల మీదే ఉండదు, కొంత భాగం పికప్ వీపు మీద వాలుతుంది. తొట్టిలో బిగించే ఫిఫ్త్ వీల్ రకం ట్రెయిలర్లకు ఆ భాగం సుమారు అయిదో వంతు. 14,000 పౌండ్ల ట్రెయిలర్ అంటే 6,350 కిలోలు, అందులో అయిదో వంతు 1,270. నలుగురు మనుషులు, సామాను కలిసి మూడు వందల కిలోలు. బిగింపు పరికరానికి మరో తొంభై. పికప్ మోయవలసినది 1,660 కిలోలు అయింది. ముప్పావు టన్ను తరగతి డీజిల్ పికప్పుల్లో చాలావాటికి మొత్తం అనుమతి బరువు 10,000 పౌండ్లకు కట్టుబడి ఉంటుంది, డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్ కన్నా బరువు కాబట్టి సరుకుకు మిగిలేది వెయ్యి కిలోల చిల్లరే. 450 హెచ్‌పీ ఉన్న ఇంజిన్ ఆ ట్రెయిలర్‌ను కొండ మీదికి హాయిగా తీసుకుపోతుంది, బండి మాత్రం తనకు రాసిపెట్టిన బరువు కన్నా ఆరు వందల కిలోలు ఎక్కువ మోస్తూ ఉంటుంది. ఇదే ట్రెయిలర్‌కు వెనక నాలుగు టైర్లున్న ఒక టన్ను తరగతి పికప్ కొంటే, ఇంజిన్ 350 హెచ్‌పీ పాతదైనా ఇబ్బంది లేదు. కొనేవారు ముందుగా చూడవలసింది డ్రైవర్ తలుపు తీయగానే ద్వారబంధం మీద కనిపించే పసుపు, తెలుపు రంగుల చిన్న కాగితం. మనుషులు, సరుకు కలిసి ఎన్ని కిలోలు, ఎన్ని పౌండ్లు మించకూడదో అందులో ఉంటుంది, టైర్లలో గాలి ఎంత ఉండాలో ఉంటుంది. హెచ్‌పీ ఊసు అందులో ఎక్కడా ఉండదు.